పెట్టె నిండింది... ప్రయాణం ఖాయమేనా?

బీరంగూడ కమాన్ ముందు నుంచి పోయే దారి 65వ నంబరు జాతీయ రహదారి. పాతకాపులకు మాత్రం ఇప్పటికీ అది తొమ్మిదో నంబరు రోడ్డే, బొంబాయి రోడ్డే. తూర్పుకు తిరిగి చివరికంటా పోతే మచిలీపట్నం... బంగాళాఖాతం. పడమటికి పోతే పుణె, అక్కడినుంచి ఘాట్లు దిగితే ముంబై... అరేబియా సముద్రం. రెండు సముద్రాల నడుమ దారిలో ఉందన్న మాటేగానీ ఇక్కడివాళ్లకు నీళ్లంటే అమీన్‌పూర్ చెరువు, ఎండాకాలంలో వీధిలోకొచ్చే ట్యాంకరు. అలాంటి చోట అపార్టుమెంటు సెల్లార్లలో, చిట్టీ పాటల దగ్గర, మల్లికార్జునస్వామి గుట్ట మెట్ల మీద ఇప్పుడో కొత్త మాట వినిపిస్తోంది.

‘‘గోవా అయింది, అరకు అయింది. ఈసారి ఓడెక్కుదామక్కా!’’

ఓడ ఎక్కడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. కాకినాడ, భీమిలి రేవుల నుంచి కూలి వెతుక్కుంటూ బర్మా పోయినవాళ్లు వేలమంది. ‘రంగం పోయాడు’ అంటే రంగూన్ వెళ్లాడని అర్థం. 1860లో మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కు చేర్చిన కూలీల్లోనూ తెలుగువాళ్లున్నారు. వాళ్లది బతుకుతెరువు ప్రయాణం. సరదాగా రెండ్రోజులు సముద్రం మీద తిరిగొద్దామని టికెట్ కొనుక్కోవడం మాత్రం మనకు కొత్తే. ఒకప్పుడు అందుకు సింగపూర్ దాకా వెళ్లాల్సి వచ్చేది. 2021 సెప్టెంబరులో కార్డీలియా సంస్థ ‘ఎంప్రెస్’ ఓడను ముంబై నుంచి నడపడం మొదలుపెట్టింది. 2022 జూన్‌లో అదే ఓడ విశాఖకు వచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖలో దాదాపు 96 కోట్ల రూపాయల ఖర్చుతో క్రూయిజ్ టెర్మినల్ తెరిచారు. దాంతో లింగంపల్లిలో పొద్దున్నే జన్మభూమి ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్లకు కూడా ఓడ అందే దూరంలోకి వచ్చేసింది.

సరే, ఓ ఐదుగురు స్నేహితురాళ్లను ఊహించుకోండి. బీరంగూడలో ఏ వీధిలోనైనా కనిపించే ఐదుగురే. ఒకరు ప్రైవేటు స్కూల్లో టీచరు. ఇంకొకరు ఇంట్లోనే ఫాల్, పికో, బ్లౌజులు కుట్టే ఆవిడ. ఒకరి భర్త పాశమైలారంలో మందుల కంపెనీలో షిఫ్టు ఉద్యోగి. ఒకమ్మాయి గచ్చిబౌలి వెళ్లొచ్చే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. అయిదో ఆవిడ అందరికీ ‘ఆంటీ’... భర్త బీహెచ్ఈఎల్‌లో రిటైరయ్యారు, మోకాళ్ల నొప్పులు, బీపీ మాత్రలు. వాట్సాప్‌లో ‘ఓడ అక్కలు’ అని గ్రూపు పెట్టేశారు. మొదటి గంటలో వచ్చిన ముప్పై మెసేజుల్లో ఇరవై తొమ్మిది బట్టల గురించే. ముప్పయ్యోది ఆంటీది. ‘‘ఆధార్ తెచ్చుకోవాల్నా, పాస్‌పోర్టా?’’

ఆ ఒక్క ప్రశ్నకే ఎవరూ జవాబివ్వరు.

ముందు పేరు... తర్వాతే చీర

మన తీరం వెంట తిరిగి వచ్చే ఓడకైతే ఆధార్, ఓటరు కార్డు లాంటి ఫొటో గుర్తింపు కార్డు సరిపోతుంది. అదే ఓడ శ్రీలంక మీదుగా వెళ్తే పాస్‌పోర్టు తప్పదు. కార్డీలియా ఓడే 2023 జూన్ నుంచి చెన్నైలో బయల్దేరి శ్రీలంక రేవులకు వెళ్లింది. కాబట్టి ‘ఏ ఓడ’ అన్నదానికంటే ‘ఏ దారి’ అన్నది ముందు తేల్చుకోవాలి.

అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది. మనవాళ్ల పేర్లతో వచ్చే తంటా ఇంకెవరికీ ఉండదేమో! ఇంటిపేరు కొందరికి ముందు, కొందరికి వెనుక. పదో తరగతి సర్టిఫికెట్లో ఒక్క పొడి అక్షరం. ఆధార్‌లో పెళ్లయ్యాక వచ్చిన ఇంటిపేరు, పాన్‌కార్డులో పుట్టింటిది. పాస్‌పోర్టు తీసుకున్నప్పుడు ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్లూ బోలెడుమంది. అలా ఒంటిపేరున్న పాస్‌పోర్టులతో సందర్శక వీసా మీద రానివ్వబోమని 2022 నవంబరులో యూఏఈ చెప్పినప్పుడు దుబాయ్ టికెట్లు కొనుక్కున్న ఎంతోమంది ఉలిక్కిపడ్డారు. దుబాయ్ నుంచి ఓడ ఎక్కాలనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

గ్రూపులో బుకింగ్ చేసేది ఒక్కరే. మన ఐదుగురిలో అయితే సాఫ్ట్‌వేర్ అమ్మాయి. మిగతావాళ్ల పేర్లు ఫోన్లో సేవ్ చేసుకున్నట్టు కొట్టేస్తే ‘టైలర్ అక్క’ ఓడ ఎక్కలేదు. చేయాల్సిందల్లా ఒక్కటే. ఎవరి కార్డు వాళ్లు ఫొటో తీసి పంపాలి. టికెట్ మీద పేరు కార్డులో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. టికెట్ చేతికొచ్చిన రోజే ఐదుగురూ ఒకచోట కూర్చుని ఒకరిది ఒకరు చదవాలి. ఎవరి పేరు వాళ్లు చదువుకుంటే తప్పు కనిపించదు... పక్కవాళ్ల కంటికే అది పడుతుంది.

విదేశీ దారైతే పాస్‌పోర్టు గడువు ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలలుండాలి. కొత్తగా 36 పేజీలదానికి ఫీజు 1,500 రూపాయలు. తత్కాల్ అయితే మరో 2 వేలు. ఆ 2 వేలకు ఓ మంచి కాటన్ చీర వస్తుందనుకుంటే ఇవాళే దరఖాస్తు పెట్టుకోవడం మేలు. సింగపూర్ నుంచి బయల్దేరే ఓడలైతే వీసా ముందే తీసుకోవాలి. ఓడ మలేసియాకో, థాయ్‌లాండ్‌కో వెళ్లి మళ్లీ సింగపూర్‌కే వస్తుంది కనుక వీసా రెండుసార్లు ప్రవేశానికి పనికొచ్చేదేనా అనీ చూసుకోవాలి. వీసా నిబంధనలు చెప్పాపెట్టకుండా మారుతుంటాయి. పోయినేడు వెళ్లొచ్చిన వదిన చెప్పిన మాట ఈ ఏటికి పనికిరాకపోవచ్చు.

ఐదు పర్సులు... పైబెర్తు ఎవరిది?

ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించే ధర చూసి చిట్టీ ఎత్తేయకండి. అది గదిలో ఇద్దరుంటే మనిషికి అయ్యే ధర. రేవు చార్జీలు, సర్వీసు చార్జి, పన్నులు చాలాసార్లు దానికి పైన. ఉదాహరణకు 30 వేలు అని మొదలుపెట్టారనుకుందాం. అవన్నీ కలిసి, రైలు టికెట్లు, ముందురోజు రాత్రి హోటల్ గది, ఆటోలు చేరేసరికి 45 వేల దగ్గర ఆగితే అదృష్టం. ఇందులో ఇంకా ఒక్క జాకెట్టు ముక్క కూడా కొనలేదు!

ఆపైన ఐదు అన్న లెక్కే ఓడకు కుదరదు. ఇద్దరిద్దరు చొప్పున రెండు గదులు తీసుకుంటే ఒకరు మిగిలిపోతారు. ఒక్కరే గది తీసుకుంటే దాదాపు రెండు టికెట్ల డబ్బు. ఒక గదిలో ముగ్గురు సర్దుకుంటే మూడో మనిషికి ధర తగ్గుతుంది. అయితే ఆ మూడో పడక చాలా ఓడల్లో గోడలోంచి కిందికి వాల్చే పైబెర్తు. నిచ్చెనెక్కాలి. మోకాళ్ల నొప్పుల ఆంటీని అక్కడికి పంపలేరు. ఎవరు ఎక్కాలన్నది బుక్ చేసే రోజే తేల్చుకోవాలి. ఓడలోకి వెళ్లాక తేల్చుకుందామంటే మొదటి రాత్రే మొహాలు ముడుచుకుంటాయి. లోపలి గది అంటే దాదాపు 150 చదరపు అడుగులు... మన అపార్టుమెంట్లలో పిల్లల బెడ్‌రూమంత. కిటికీ ఉండదు. తలుపు తీసిపెట్టుకుని పక్కింటావిడతో మాట్లాడుకునే అలవాటున్నవాళ్లకు అందులో ఊపిరాడనట్టుంటుంది. అయినా గదిలో ఉండేదెంతసేపు? డబ్బు దగ్గర చూసుకునేవాళ్లకు లోపలి గదే సరైన బేరం.

ఇక బట్టల ఖర్చు. గ్రూపుగా వెళ్లేవాళ్లకు ఈమధ్య ‘థీమ్’ పిచ్చి పట్టుకుంది. ఎక్కే రోజు అందరూ తెల్లటి బట్టలు, రెండో రోజు పువ్వుల గౌన్లు, మూడో రోజు రాత్రి నల్లటి మెరుపుల చీరలు. ఫొటోలో బాగానే ఉంటుంది. కానీ థీమ్‌కు 3 వేల చొప్పున మూడు థీమ్‌లంటే 9 వేలు. సాఫ్ట్‌వేర్ అమ్మాయికి అది లెక్కలోకి రాదు. బ్లౌజులు కుట్టే ఆవిడకు అది నెలలో సగం సంపాదన కావచ్చు. వద్దని గ్రూపులో అందరి ముందూ రాయలేదు. వారం రోజులు మెసేజులకు జవాబివ్వదు. ఆ తర్వాత ఒకరోజు ‘‘బాబుకు పరీక్షలున్నయి, మీరు పోయిరండి అక్కా’’ అని వస్తుంది. నిజంగా అడ్డొచ్చినవి పరీక్షలేనా అని మిగతా నలుగురూ ఆలోచించాలి. ఆలోచించరు. ‘అయ్యో, పాపం’ అని ఓ ఏడుపు బొమ్మ పెట్టి మళ్లీ గౌన్ల ఫొటోల్లోకి వెళ్లిపోతారు.

అందుకే షాపింగ్‌కు ముందే ఖర్చు లెక్క తేలాలి. ఐదుగురిలో ఎవరి పర్సు అన్నిటికంటే చిన్నదో ఆ పర్సును బట్టే గది, దారి, బట్టలు అన్నీ కుదుర్చుకోవాలి. ఎక్కువ ఖర్చు పెట్టగలిగినవాళ్లు ఓడలో ఎలాగూ పెట్టుకుంటారు... మసాజు ఉంది, బార్ ఉంది, ఫొటోగ్రాఫరున్నాడు. థీమ్ ఒక్కటి చాలు. అదీ ఇంట్లో ఉన్న రంగు. ఎర్రచీర లేని ఇల్లుందా బీరంగూడలో?

డబ్బు పోగేయడానికి చిట్టీయే వేయాలని లేదు. చిట్టీ పాటలో తోసిపుచ్చుకుంటే చేతికొచ్చేది తగ్గుతుంది. బ్యాంకులో ఆరు నెలలకు కూడా రికరింగ్ డిపాజిట్ వేసుకోవచ్చు. ఐదుగురూ ఒకే తారీఖున మొదలుపెడితే ఒకే తారీఖున డబ్బు అందుతుంది. విదేశీ ప్యాకేజీ అయితే ఏజెంటు టీసీఎస్ పేరుతో కొంత పట్టుకుంటాడు. పాన్ నంబరు ఇచ్చి, తర్వాత ఆదాయపు పన్ను రిటర్నులో చూపిస్తే అది సర్దుబాటవుతుంది. రిటర్ను వేసే అలవాటు లేని గృహిణులు ఆ డబ్బును మర్చిపోతుంటారు. టికెట్ రద్దు నిబంధనలూ చదవాలి. ప్రయాణం దగ్గరపడేకొద్దీ వెనక్కొచ్చేది తగ్గిపోతుంది, చివరి రోజుల్లో పైసా రాదు. అంటే ‘బాబు పరీక్షలు’ నిజంగానే ఉన్నాయేమో టికెట్ కొనకముందే చూసుకోవాలి. కంపెనీ షిఫ్టులు, దసరా సెలవులు, పదో తరగతి పరీక్షలు... ఈ మూడింటి మధ్య తారీఖు దొరకడం సముద్రంలో ముత్యం దొరకడంతో సమానం.

చందానగర్‌లో ఆగండి... అన్నీ కొనకండి

ఇప్పుడు షాపింగ్. చందానగర్‌లో రోడ్డుకు రెండు వైపులా బట్టల దుకాణాలే. అశోక్‌నగర్, లింగంపల్లిలో చెప్పులు, బ్యాగులు. మ్యాచింగ్‌ల కోసం ఓపిక ఉంటే సికింద్రాబాద్ జనరల్ బజార్, కోఠి సుల్తాన్ బజార్. ఇన్ని ఉన్నాయి కదా అని జాబితా లేకుండా బయల్దేరితే ఆ రోజు జీడిపప్పు బిర్యానీ తిని, ఐదు నైటీలు కొనుక్కుని ఇంటికొస్తారు.

కొనాల్సినవాటిలో మొదటిది చెప్పులు. డెక్ మీద నీళ్లు, గాలి, ఊపు. ఎత్తుమడమల చెప్పులతో అక్కడ నడవడం పటాన్‌చెరు ఫ్లైఓవర్ కింద వానలో నడిచినట్టే ఉంటుంది. అడుగున పట్టున్న రబ్బరు శాండిళ్లు కావాలి. వారం ముందే కొని రోజూ వేసుకుని తిరగాలి. కొత్త చెప్పు కరిస్తే ఆ మూడు రోజులూ గదిలోనే.

రెండోది ఈత దుస్తులు. ‘మాకెందుకులే’ అనుకునేవాళ్లే అక్కడికి వెళ్లాక నీళ్ల దగ్గర నిలబడి చూస్తుంటారు. కాటన్ చుడీదార్లతో, నైటీలతో పూల్‌లోకి దిగనివ్వరు. నైలాన్, లైక్రాలతో ఒళ్లంతా కప్పే సూట్లు ఇప్పుడు ఆటసామాన్ల దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. థీమ్ గౌను మానేసి ఇది కొంటే డబ్బుకు న్యాయం జరిగినట్టు.

రాత్రి భోజనానికి కాస్త పద్ధతైన దుస్తులు వేసుకురమ్మనే ఓడలున్నాయి. దానికోసం గౌను కుట్టించుకోనక్కర్లేదు. చీరకు మించిన ఫార్మల్ ఏముంది? పోచంపల్లి ఇక్కత్ ఉందా, అదే. లేదంటే సిద్దిపేట గొల్లభామ చీర. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోకముందు సిద్దిపేట, బీరంగూడ రెండూ మెదక్ జిల్లాయే! 2012లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ చీర అంచున తలమీద చల్లకుండతో నడిచే గొల్లభామ ఉంటుంది. దేశదేశాల వాళ్లు కూర్చున్న భోజనాల గదిలో అడగనివాళ్లు ఉండరు. జరీ పట్టుచీరను మాత్రం డెక్ మీదికి తీసుకెళ్లొద్దు, ఉప్పుగాలికి జరీ నల్లబడుతుంది. పిన్నీసులు నాలుగు ఎక్కువే పెట్టుకోండి. సముద్రపు గాలి కొంగును లెక్కచేయదు.

ఎక్కువమందికి తెలియని చిన్న వస్తువు ఒకటుంది... అయస్కాంతపు కొక్కెం. ఓడ గదుల గోడలు చాలావరకు ఇనుపరేకులే. ముగ్గురున్న గదిలో మేకు కొట్టలేరు, తాడు కట్టలేరు. నాలుగు కొక్కేలు అతికిస్తే తువ్వాళ్లు, హ్యాండ్‌బ్యాగులు, తడి ఈత దుస్తులు నేలమీద పడవు. వంద, రెండొందల్లో వచ్చేస్తుంది. సాకెట్లు ఓడను బట్టి మారతాయి కనుక ఏ దేశానికైనా సరిపడే అడాప్టరు గదికి ఒకటి చాలు, మనిషికొకటి అక్కర్లేదు.

కొనకూడనివి, ఉన్నా తీసుకెళ్లకూడనివీ చెప్పుకోవాలి. ఇస్త్రీపెట్టె, కరెంటు కెటిల్, చిన్న రైస్‌కుక్కర్, కొవ్వొత్తులు, అగరుబత్తులు ఓడలోకి రానివ్వరు. నిప్పంటే ఓడకు అంత భయం. కార్తీక మాసంలో వెళ్లేవాళ్లు గదిలో దీపం పెట్టలేరు. నడిసముద్రంలో దణ్ణం పెట్టుకోవడానికి అడ్డెవరూ లేరు. ఇంట్లో చేసిన పులిహోర, ఆవకాయ సీసా చాలా కంపెనీలు గేటు దగ్గరే ఆపేస్తాయి. సీలు విప్పని పొడుల ప్యాకెట్లకు కొన్నిచోట్ల అభ్యంతరం ఉండదు... ముందే అడిగి తెలుసుకోవాలి. తిండికి దిగులక్కర్లేదు. మన రేవుల నుంచి వెళ్లే ఓడల్లో శాకాహారం, జైన భోజనం కూడా దొరుకుతాయి.

పెద్దపెట్టెను రేవు దగ్గర చీటీ కట్టి తీసుకుంటారు. అది గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది. మందులు, కాగితాలు, ఫోను చార్జరు, ఒక జత బట్టలు చేతిసంచీలో ఉండాలి. పూల్‌లోకి దిగాలన్న తొందర ఉంటే ఆ దుస్తులు కూడా అందులోనే.

ఇంటి సర్దుడు కూడా సర్దుడే. మగవాళ్లు స్నేహితులతో టూర్ వెళ్తే సంచీ భుజాన వేసుకుని పోతారు. ఆడవాళ్లు వెళ్తే మూడు రోజులకు దోసెల పిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టాలి, పాలవాడికి చెప్పాలి, సెకండ్ షిఫ్ట్‌కు పోయే భర్త టిఫిన్‌కు ఏర్పాటు చూడాలి, పిల్లల స్కూలు వ్యానుకు ఎవరు ఎక్కిస్తారో తేల్చాలి. ఈ సర్దుడు ఏ చెక్‌లిస్టులోనూ ఉండదు. పిండి రుబ్బడం వచ్చిన మగవాళ్లు బీరంగూడలో లేకపోలేదు. అడగడమే ఆలస్యం.

కడుపులో తిప్పితే...

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులకు అరేబియా సముద్రం ఎగిసిపడుతుంటుంది. ముంబైలో వానలు మొదలయ్యే వేళకు ఎంప్రెస్ ఓడ చెన్నై వైపుకు మారుతూ వచ్చింది అందుకే. బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. తారీఖు ఎంచుకునేటప్పుడు టికెట్ ధరతోపాటు ఇదీ చూడాలి. ధర ఎందుకు తగ్గిందో అప్పుడు అర్థమవుతుంది.

ఘాట్ రోడ్డులో వాంతులయ్యేవాళ్లకు ఓడలోనూ తిప్పే అవకాశం ఎక్కువ. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో గది ఉంటే ఊపు తక్కువ. పై అంతస్తులో, ముందు కొసన ఎక్కువ. అవోమిన్, స్టుజెరాన్ లాంటి మాత్రలు తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే ఫలితం అంతంతే, ముందే వేసుకోవాలి. మత్తుగా ఉంటుంది. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టరును అడిగే వాడాలి. ఆంటీ లాంటివాళ్లు రోజువారీ మాత్రలు డబ్బాలో పోసుకోకుండా స్ట్రిప్పుల్లోనే, ప్రిస్క్రిప్షన్‌తో సహా తీసుకెళ్లాలి, రెండ్రోజులవి ఎక్కువగా. ఓడలో డాక్టరుంటాడు, బిల్లూ ఉంటుంది. విదేశీ దారైతే ప్రయాణ బీమా తీసుకోకపోవడం తెలివితక్కువ పొదుపు. గర్భిణులను 24 వారాలు దాటితే చాలా కంపెనీలు ఎక్కించుకోవు.

ఫోన్ సంగతి మరీ ముఖ్యం. తీరం దాటాక ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్క్‌ను ఫోను తనంతట తానే పట్టుకుంటుంది. రీల్ పెట్టాలని డేటా ఆన్ చేస్తే బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి... అది సముద్రం తిప్పినట్టు కాదు. రేవు వదలగానే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయాలి. ఇంట్లోవాళ్లకు ‘‘రేపు సాయంత్రం దాకా ఫోన్ కలవదు, కంగారుపడకండి’’ అని ముందే చెప్పాలి.

జాకెట్టు కాదు... లైఫ్ జాకెట్!

ఓడ ఎక్కిన గంటల్లోనే అందరినీ ఓ చోటికి రమ్మంటారు. దాన్ని మస్టర్ డ్రిల్ అంటారు. ప్రమాదం జరిగితే ఎక్కడ గుమిగూడాలి, లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలి, సైరన్ ఎలా మోగుతుంది... ఇవి చూపిస్తారు. సరిగ్గా అప్పుడే అందరికీ డెక్ మీద ఫొటోలు గుర్తొస్తాయి.

వెళ్లి తీరాలి. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా అనే భారీ ఓడ రాతికి గుద్దుకుని ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందల మందికి అప్పటికింకా డ్రిల్ జరగనే లేదు. 24 గంటల్లోపు ఎప్పుడైనా చేయొచ్చన్న పాత నిబంధన ఆ తర్వాత మారి, బయల్దేరకముందే లేదా బయల్దేరిన వెంటనే చేయాలన్న కొత్త నిబంధన 2015 నుంచి అమల్లోకి వచ్చింది.

అంత దూరం ఎందుకు? 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయి కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన ‘రాయల్ వశిష్ఠ’ బోటును తెలుగువాళ్లు ఎలా మర్చిపోతారు? దాదాపు 50 మంది పోయారు. తెలంగాణ నుంచి వెళ్లిన కుటుంబాలూ అందులో ఉన్నాయి. బతికి బయటపడ్డవాళ్లు చెప్పిన మాటల్లో లైఫ్ జాకెట్ ప్రస్తావన మళ్లీమళ్లీ వచ్చింది. నదిలో తిరిగే బోటూ, 11 అంతస్తుల ఓడా ఒకటి కావు. కానీ ఉక్కగా ఉందనో, చీర నలుగుతుందనో జాకెట్టు పక్కన పెట్టే అలవాటు మాత్రం రెండుచోట్లా ఒక్కటే.

ఈ విషయంలో బీరంగూడవాళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు నిజానికి. సైరన్, మాక్‌డ్రిల్, అసెంబ్లీ పాయింట్... ఇక్కడ ప్రతి మూడో ఇంట్లో ఎవరో ఒకరికి ఈ మాటలు తెలుసు. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగాక ఆ మాటల బరువూ తెలుసు. మందుల కంపెనీ షిఫ్టు ఉద్యోగి భార్య ఆ గ్రూపులో ఉందిగా, మస్టర్ డ్రిల్‌కు మిగతా నలుగురినీ చెయ్యిపట్టి లాక్కెళ్లే బాధ్యత ఆవిడకు అప్పగించొచ్చు. ఆంటీ మోకాళ్లతో మెట్లు దిగడానికి ఎంతసేపు పడుతుందో కూడా ఆ రోజే చూసుకోవాలి. ప్రమాదవేళ లిఫ్టు వాడకూడదు.

ఆలస్యమైతే ఓడ ఆగదు. ఎక్కే రోజున బయల్దేరడానికి గంట, గంటన్నర ముందే గేట్లు మూసేస్తారు. జన్మభూమి ఎక్కినా, రాత్రి ముంబై బస్సెక్కినా ఒకరోజు ముందే చేరడం క్షేమం. మధ్యలో రేవులో దిగి ఊరు చూడ్డానికి వెళ్తే తిరిగొచ్చే వేళ ఓడ గడియారం ప్రకారం లెక్క. ముత్యాల దుకాణంలో బేరమాడుతూ ఉండిపోతే రేవులో చెయ్యూపడమే మిగులుతుంది. ఓడే రేవును వదిలేసి పోవడం కూడా జరుగుతుంది. 2022 జూన్‌లో ఎంప్రెస్‌కు పుదుచ్చేరిలో అనుమతి దొరకలేదు. 2025 జూలైలో దొరికింది. వాతావరణం బాగాలేకపోయినా అంతే. ఫలానా బీచ్‌లో ఫొటో కోసమే ఫలానా గౌను కొన్నవాళ్లు కాస్త గుండె దిటవు చేసుకోవాలి.

దిగే ముందురోజు రాత్రి పెద్దపెట్టెలు గది బయట పెట్టమంటారు. అవి మళ్లీ కంటపడేది రేవులోనే. మర్నాడు కట్టుకోవాల్సిన చీర, చెప్పులు తీసి పక్కన పెట్టుకున్నాకే పెట్టెకు తాళం వేయాలి. అది మర్చిపోయినవాళ్లు చందానగర్‌లో కొన్న ఆ ఐదు నైటీల్లో ఒకదాని మీదే విశాఖలో దిగాల్సి ఉంటుంది.